బొమ్మ వచ్చు, స్క్రిప్టు దగ్గరే చెయ్యి ఆగిపోతోంది. మీరు కామిక్ ఎలా రాసుకుంటారు?

నీలిసిరా:

అందరికీ నమస్కారం. పదేళ్లుగా బొమ్మలు వేస్తున్నాను. ముఖచిత్రాలు, పత్రికల్లో కథలకి బొమ్మలు. ఎవరో రాసినదానికి వేయడమే అలవాటు. ఇప్పుడు మొదటిసారి నా సొంత కథతో 24 పేజీల కామిక్ మొదలుపెట్టాను. ఇల్లు వదిలి వెళ్లిపోయిన అన్న పన్నెండేళ్ల తర్వాత తిరిగొస్తాడు, చెల్లెలు తలుపు తీస్తుంది. ఆ ఒక్క సాయంత్రమే కథ.

సినిమా స్క్రిప్టులాగా మొత్తం టైపు చేసుకున్నాను. తీరా వేయడానికి కూర్చుంటే మొదటి ప్యానెల్ (పేజీలో ఒక్కో బొమ్మ పట్టే గడి) దగ్గరే ఆగిపోయాను. నేను రాసుకున్నది ఇదీ:

"ప్యానెల్ 1: రఘు గేటు తీసుకుని లోపలికి వచ్చి, ఇంటిని తేరిపార చూసి, మెట్లెక్కి, జేబులోంచి తాళంచెవి తీసి తలుపు తెరవబోతాడు. అంతా మారిపోయిందని అర్థమై కళ్లలో నీళ్లు తిరుగుతాయి."

ఇదే బొమ్మని నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లూ చెరిపేశాను. మీరు ముందు రాసి తర్వాత వేస్తారా, వేస్తూ వేస్తూ రాస్తారా? మాటలు ఎప్పుడు రాసుకుంటారు?

వత్తుగీత:

నీలిసిరా గారూ, ముందు ఆ ప్యానెల్లో క్రియలు లెక్కపెట్టండి. తీశాడు, వచ్చాడు, చూశాడు, ఎక్కాడు, మళ్లీ తీశాడు, తెరవబోయాడు, కళ్లలో నీళ్లు. ఏడు. ఒక బొమ్మలో ఒక మనిషి ఒక్క పనే చేయగలడు. మీకిది తెలియని సంగతి కాదు. పత్రికలో కథకి బొమ్మ వేసేటప్పుడు ఆరు పేజీల కథలోంచి ఒక్క క్షణం ఏరుకునేవారు కదా, ఇక్కడా అదే పని. సొంత కథ అనేసరికి అన్నీ ముఖ్యమనిపిస్తాయి, అంతే.

నేను పని చేసే పద్ధతి చెబుతాను. కథ మనసులో కుదిరాక కంప్యూటర్ దగ్గరికి అసలు వెళ్లను. ఆరు ఏ4 కాగితాలు తీసుకుని మధ్యకి మడిచి, ఒకదాంట్లో ఒకటి దూర్చి కుట్టేస్తాను. సరిగ్గా 24 పేజీల చిన్న పుస్తకం వస్తుంది. పేజీల నెంబర్లు వేస్తాను. ఒక్కో పేజీ పైన పెన్సిల్‌తో ఒకే ఒక్క వాక్యం: ఈ పేజీలో ఏం జరగాలి. వాక్యంలో "మరియు" వచ్చిందంటే అది రెండు పేజీల పని అని గుర్తు.

ఈ పుస్తకం చేతిలో ఉంటే మరో సంగతి కంటికి కనబడుతుంది. ఒకటో పేజీ కుడివైపు ఒంటరిగా ఉంటుంది. ఆ తర్వాత రెండూ మూడూ ఎదురెదురుగా, నాలుగూ ఐదూ ఎదురెదురుగా. పాఠకుడు పేజీ తిప్పగానే ఎడమ పక్క సరిసంఖ్య పేజీ మొదటి ప్యానెల్ కనబడుతుంది. దాచిపెట్టుకున్నది ఏదున్నా అక్కడే బయటపడాలి. బేసిసంఖ్య పేజీ చివరి ప్యానెల్ దగ్గర ఊపిరి బిగబట్టించాలి. అదే మలుపుని మూడో పేజీలో పెడితే, పాఠకుడు రెండో పేజీ చదువుతూ ఉండగానే కంటి చివర నుంచి చూసేస్తాడు. ఇది టైపు చేసిన స్క్రిప్టులో ఎప్పటికీ తెలియదు, కాగితం తిప్పితేనే తెలుస్తుంది. (కిందికి జరుపుతూ చదివే ఫోన్ కామిక్ అయితే లెక్క వేరు. అక్కడ పేజీ తిప్పడం లేదు కాబట్టి, రెండు ప్యానెళ్ల మధ్య వదిలే ఖాళీయే ఆ పని చేయాలి.)

తర్వాత గళ్లు, అంటే ఒక్కో పేజీలో ప్యానెళ్లు చిన్నగా, చిత్తుగా గీసుకోవడం. మనుషులు పుల్లలతో చేసినట్టుంటే చాలు, ముఖాలు అక్కర్లేదు. జపాన్ మాంగా కళాకారులు ఈ దశని "నేమ్" అంటారు. ఎడిటర్‌కి ముందు చూపించేది దాన్నే. నా మొదటి చుట్టులో మాటలు ఉండవు. మొత్తం పుస్తకం మూగగా గీసేసి, కథ తెలియని మనిషికి ఇచ్చి, ఏం జరుగుతోందో పైకి చెప్పమంటాను. ఎక్కడ తడబడితే అక్కడే మాట రాస్తాను. తడబడని చోట రాసిన మాట బొమ్మ చెప్పిందాన్నే మళ్లీ చెబుతుంది.

ఇక మీ మొదటి పేజీ. "అంతా మారిపోయింది" అనేది బొమ్మకి అందదు. కళ్లలో నీళ్లు వేస్తే ఏడుస్తున్నాడని తెలుస్తుంది, ఎందుకో తెలియదు. కానీ మీరు రాసిన దాంట్లోనే ఒక వస్తువు ఉంది. తాళంచెవి. పన్నెండేళ్లు దాచుకుని తెచ్చాడు. అది పట్టకపోతే?

ఆ తాళంచెవికి మూడు ప్యానెళ్లు ఇవ్వండి. వేళ్ల మధ్య తాళంచెవి, రంధ్రంలో తాళంచెవి, తిరగని మణికట్టు. మూడూ ఒకే సైజులో, పక్కపక్కన. ప్యానెల్ సైజు మారకపోతే గడియారం ముల్లు కొట్టుకున్నట్టుగా కాలం నడుస్తుంది. 1986-87లో వచ్చిన వాచ్‌మెన్ అనే ఇంగ్లిష్ కామిక్‌లో ఆర్టిస్టు డేవ్ గిబ్బన్స్ చాలా పేజీల్ని తొమ్మిది సమాన గళ్ల మీదే కట్టాడు. ఒకసారి ఆ గళ్ల కోసమే తిరగేయండి.

గుడిసుడి:

నేను లెటరింగ్ చేస్తాను, అంటే కామిక్ పేజీలో మాటల అక్షరాలు వేసే పని. స్క్రిప్టు రాసేటప్పుడే గుర్తుంచుకోవాల్సింది ఒకటి చెప్పి పోతాను.

ఇంగ్లిష్ కామిక్స్‌లో ఎక్కువగా అన్నీ పెద్దక్షరాలే. కింద వేలాడేవి ఉండవు కాబట్టి వరసలు దగ్గరదగ్గరగా సర్దేస్తారు. మనకలా కుదరదు. పైన గుడులు, ఏత్వాలు, కింద వత్తులు. "రాష్ట్రం" అని రాస్తే ఒక్క ష కిందే రెండు వత్తులు. పై వరస వత్తు కింది వరస గుడికి తగలకుండా ఉండాలంటే, అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు వరసకి వదిలి నేను మొదలుపెడతాను. అంటే ఇంగ్లిష్ కామిక్ చూసి మాటలు రాసే బుడగకి ఎంత చోటు అనుకుంటారో, అంతకంటే ఎక్కువే కావాలి.

రెండోది మాట పొడుగు. "వెళ్లిపోవాలనుకుంటున్నాను" అనేది ఒకే మాట. సన్నటి బుడగలో పట్టదు, మధ్యకి విరిస్తే చదవబుద్ధి కాదు. "వెళ్లిపోతాను" అంటే పట్టేస్తుంది, మనిషి మాట్లాడినట్టూ ఉంటుంది. చిన్న గళ్లలోనే బుడగ గీసి, మాటలు నిజంగా రాసి చూసుకోండి.

ముందు మాట్లాడే మనిషిని ఎడమవైపు నిలబెట్టండి. నా దగ్గరికొచ్చిన ఒక కామిక్‌లో పేజీ మొత్తం ఇంకింగ్ (పెన్సిల్ గీతల మీద సిరా వేయడం) అయిపోయాక చూస్తే, ప్రశ్న అడిగేవాడు కుడి పక్క, జవాబిచ్చేవాడు ఎడమ పక్క ఉన్నారు. బుడగల తోకలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోవాల్సి వచ్చింది. చివరికి ఆ ఆర్టిస్టు పేజీ మళ్లీ వేశారు.

సాఫ్ట్‌వేర్‌లో వత్తులు విడిపోయి పక్కకి వస్తుంటే సెట్టింగుల్లో దక్షిణాసియా లిపుల ఆప్షన్ ఉందేమో వెతకండి. చాలాసార్లు తప్పు ఫాంట్‌ది కాదు.

కథకుడు_24:

వత్తుగీత గారితో ఒక్కచోట విభేదిస్తాను. టైపు చేసిన స్క్రిప్టుని పూర్తిగా పక్కన పెట్టకండి.

నేను వేరే ఆర్టిస్టులకి రాస్తాను కాబట్టి నాకు రాత తప్పదు. అందులోనూ ఒకటే దారి లేదు. 1960ల్లో మార్వెల్ కామిక్స్ రచయిత స్టాన్ లీ కథ సారాంశం చెబితే జాక్ కర్బీ లాంటి ఆర్టిస్టులు పేజీలు వేసేవారు, మాటలు ఆ తర్వాత పడేవి. వాచ్‌మెన్ రాసిన అలన్ మూర్ కొన్నిసార్లు ఒక్క ప్యానెల్‌కే పేజీ నిండా వర్ణన రాసేవాడు. రెండు దారుల్లోనూ గొప్ప పుస్తకాలు వచ్చాయి.

కానీ రాసేదీ వేసేదీ ఒక్కరే అయినప్పుడు ఒక చిక్కు ఉంది. చేతికి అలవాటైన బొమ్మలే కథలోకి వచ్చేస్తాయి. నాకు తెలిసిన ఒక ఆర్టిస్టుకి వర్షం వేయడం ఇష్టం, ఆవిడ మూడు కథల్లోనూ కీలకమైన సన్నివేశంలో వర్షమే. గళ్లు గీశాక వాటిని చూస్తూ మళ్లీ స్క్రిప్టుగా టైపు చేయమని ఆవిడకి చెప్పాను. బొమ్మ పక్కకి తప్పుకుని మాటల్లో చదివితే ఏ సన్నివేశం కథకి అవసరమో, ఏది చేతి ముచ్చటో తేలిపోతుంది.

నీలిసిరా:

మూడు రోజులు కూర్చున్నాను. ఆరు కాగితాలు మడిచి కుట్టాను. నిజం చెప్పాలంటే ఈ నెలలో మొదటిసారి పని చేస్తున్నట్టు అనిపించింది.

మొదటి పేజీ ఇప్పుడు ఇలా ఉంది. పైన వెడల్పుగా ఒకటే ప్యానెల్: ఇల్లు, గేటు, వెనకనుంచి రఘు. కన్నీళ్లు తీసేశాను. దాని కింద మూడు సమాన గళ్లు: తాళంచెవి, రంధ్రం, మణికట్టు. అట్టడుగున సన్నగా ఒక ప్యానెల్: రఘు అరచేతిలో ఆ తాళంచెవి, తలుపు కింది సందులోంచి ఒక వెలుగు గీత. పేజీలో ఒక్క మాట కూడా లేదు.

మా పక్క గది స్నేహితుడికిచ్చి చెప్పమన్నాను. "చాలా రోజులకి వచ్చాడు, ఇది అతని ఇల్లే, కానీ ఇప్పుడు కాదు" అన్నాడు. నేను పన్నెండేళ్లని ఎక్కడా రాయలేదు!

కథకుడు గారూ, మీరన్నట్టు గళ్లు చూస్తూ టైపు చేశాను. పదకొండో పేజీలో పాత ఫోటోల సన్నివేశం మొత్తం పోయింది. అది ముఖాలు వేసే సరదాతో పెట్టుకున్నదే.

ఇక రెండో పేజీ. తిప్పగానే తలుపు లోపలినుంచి తెరుచుకుంటుంది, చెల్లెలు. ఆమె మొదటి మాట తేలట్లేదు. "తాళం మార్చి ఎనిమిదేళ్లయింది అన్నయ్యా" అని రాశాను. గుడిసుడి గారి మాట మీద బుడగ గీసి చూస్తే మూడు వరసలైంది, ఆమె ముఖం సగం కప్పేస్తోంది.

వత్తుగీత:

ఎనిమిదేళ్లు తీసేయండి. ఆ లెక్క ఆమెకి ఎందుకు గుర్తుందో పాఠకుడు తర్వాత తెలుసుకోవాలి, పదో పేజీ దాటాకైనా పర్లేదు. "అన్నయ్యా" కూడా తీసేయండి. ఆ పిలుపు ఆమె నోటినుంచి ఇంత తొందరగా రాకూడదు. ఎప్పుడు వస్తుందన్నదే మీ 24 పేజీల కథ కదా.

"తాళం మార్చాం."

ఒక్క వరసలో పడుతుంది, ముఖం మొత్తం కనబడుతుంది.

నీలిసిరా:

ఆ పిలుపుని 23వ పేజీ అడుగున అనుకున్నాను. ఇప్పుడు కాగితాలు తిప్పి చూస్తే అది 24లో, ఒంటరిగా, ఆఖరి ప్యానెల్లో ఉండాలి. చెరిపి మళ్లీ గీస్తున్నాను.