శుక్రవారం నడుము ముందే అలిసిపోతోంది: రెండో డెడ్‌లిఫ్ట్ ఉంచాలా, తీసేయాలా?

అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. జిమ్‌లో సోమ, గురువారాలు ఒంటి పైభాగం. మంగళ, శుక్రవారాలు కాళ్లు. ఛాతీకి, వీపుకి వారానికి 12 సెట్ల చొప్పున, రెండు రోజులకీ సగం సగం. ఇందులో ఇబ్బంది లేదు. పన్నెండూ ఒకే రోజు చేస్తే ఏడో సెట్ దాటాక బరువు తగ్గించక తప్పదు, చివరివి పేరుకే. మొత్తం సెట్లు సమానమైతే వారానికి ఎన్నిసార్లు అన్నది కండ పెరుగుదలలో పెద్ద తేడా తేదని 2019లో కండ పెరుగుదలపై పరిశోధించే బ్రాడ్ షోన్‌ఫెల్డ్ బృందం పాత పరిశోధనలను కలిపి చూసి చెప్పింది. అయినా సెట్లు గట్టిగా పడాలంటే విడగొట్టడమే మేలు.

చిక్కంతా నడుము దగ్గర. మంగళవారం స్క్వాట్ 4 సెట్లు, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (తుంటి దగ్గర వంగి బార్‌ని తొడల వెంట దించి లేపడం) 80 కిలోలతో 3 సెట్లు, సెట్‌కి 8 రెప్స్ (సార్లు). గురువారం వంగి బార్‌ని పొట్ట వైపు లాగే బార్బెల్ రో, దాని భారమూ నడుము మీదే. శుక్రవారం మళ్లీ అదే డెడ్‌లిఫ్ట్: రెండో సెట్ ఆరో రెప్‌కల్లా బార్ తొడలకు దూరంగా జరిగిపోతుంది, నడుము గుండ్రంగా వంగుతుంది. తొడ వెనక కండలో ఇంకా సత్తువ ఉంటుంది, నడుమే ముందు చేతులెత్తేస్తోంది. నిద్ర 7 గంటలు, ప్రొటీన్ ఒంటి బరువు కిలోకి 1.6 గ్రాములు, అక్కడ లోటు లేదు.

శుక్రవారం డెడ్‌లిఫ్ట్ తీసేసి లెగ్ కర్ల్ (మెషీన్ మీద మోకాళ్లు మడిచే వ్యాయామం) 4 సెట్లు పెడితే సరిపోతుందా? లేక గురువారం బార్బెల్ రోను బెంచీకి ఛాతీ ఆనించి చేసే రకంగా మార్చి డెడ్‌లిఫ్ట్ ఉంచాలా? రెండూ చేసి చూసినవాళ్లు, ఎన్ని వారాలకు తేడా తెలిసిందో కూడా రాయండి.