గిల్గమేష్‌ని ఓడిపోయేవాడిగానే ఉంచిన నవలలు ఏమైనా ఉన్నాయా?

ప్రాచీన మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్ ప్రాంతం) ఇతిహాసంలో ఉరుక్ నగర రాజు గిల్గమేష్ మూడింట రెండు వంతులు దేవుడు, ఒక వంతు మనిషి. అసలు కథ ఆ ఒక్క వంతుదే. ఆ కథ రాసిన మట్టి పలకల్లో పదకొండోదానిలో, చావులేని బతుకు వెతుక్కుంటూ వెళ్లిన అతన్ని పరీక్షగా ఆరు పగళ్లు, ఏడు రాత్రులు మేలుకొని ఉండమంటే, కూర్చున్నచోటే నిద్రపోతాడు. రోజుకొకటిగా పక్కన పెట్టిన రొట్టెల్లో మొదటిది ఎండిపోతుంది, అయిదోదానికి బూజు పడుతుంది, ఏడోది ఇంకా నిప్పుల మీదే ఉంటుంది. తర్వాత దొరికిన, మళ్లీ యవ్వనాన్నిచ్చే మూలికనేమో పాము ఎత్తుకుపోతుంది.

ఇప్పటి రూపాల్లో ఇదే ఎగిరిపోతోంది. 2004 జపాన్ గేమ్ 'ఫేట్/స్టే నైట్'లో అతను ఆయుధాల ఖజానా ఉన్న గర్విష్ఠి. 2021 'ఎటర్నల్స్' సినిమాలో ప్రధానంగా కండబలం. (ఆ పొగరు మూలంలోనూ ఉంది లెండి.)

రాబర్ట్ సిల్వర్‌బర్గ్ 1984 ఇంగ్లీషు నవల 'గిల్గమేష్ ది కింగ్' కాకుండా, గిల్గమేష్ ప్రాణస్నేహితుడు ఎంకిడు చావు తర్వాతి భాగాన్ని కుదించని కల్పన ఏదైనా చెప్పగలరా? తెలుగైనా, ఇంగ్లీషైనా సరే. ఆ రొట్టెల ఘట్టం ఉంటే మరీ మంచిది.