డౌన్ టు, బ్యాక్ ఇంటు, అవుట్ ఆఫ్: జంటలుగా బట్టీ పట్టించాలా, విడదీసి చెప్పాలా?

పర్లాకిమిడి ట్యూషన్:
ఒడిశాలోని మా గజపతి జిల్లాలో ఇంగ్లీష్ చెప్పేవాళ్ళ మధ్య ఎప్పట్నుంచో నలుగుతున్న గొడవ ఇది, మీరేమంటారో చూద్దామని పెడుతున్నా. కదలిక గురించి చెప్పేటప్పుడు ఇంగ్లీషులో రెండు చిన్న ముక్కలు పక్కపక్కనే వస్తాయి కదా, డౌన్ టు, అప్ టు, ఓవర్ టు, బ్యాక్ ఇంటు ఇలాంటివి. చాలామంది వీటిని జంటలుగా లిస్టు రాయించి అప్పజెప్పించుకుంటారు. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. మొదటి ముక్క ఎటు అన్నది చెప్తుంది, రెండోది ఆ కదలికని ఒక చోటుకి ముడిపెడుతుంది, ఎవరి పని వాళ్ళదే. "హి వెంట్ డౌన్" అని ఆపేసినా వాక్యం నిలబడుతుంది. తర్వాత టు ది రివర్ అనండి, ఇంటు ది వేలీ అనండి, త్రూ ది ఫారెస్ట్ అనండి, ఫ్రమ్ ది హిల్ అనండి, డౌన్ చెక్కుచెదరదు. అలాగే టు ని అక్కడే ఉంచి ముందుది మార్చండి, అప్, డౌన్, అక్రాస్, ఓవర్, అవుట్, బ్యాక్ అన్నీ సరిపోతాయి. ఇన్ని కలయికలకి లిస్టు రాయించుకుంటూ పోతే పుస్తకం అయిపోద్ది గానీ పిల్లాడికి కొత్త వాక్యం ఒక్కటి కూడా సొంతంగా రాదు.

గుణుపూర్ టీచరమ్మ:
మాస్టారూ, మా క్లాసులో సగం మంది పిల్లలు ఇంట్లో సవర మాట్లాడతారు, స్కూల్లో ఒడియా, బజార్లో తెలుగు, ఆ పైన ఇంగ్లీష్. వాళ్ళ ముందు ఈ ముక్క పని ఇదీ ఆ ముక్క పని అదీ అని బోర్డు మీద గీస్తే ఏం లాభం అండి. మీ పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాషని సవరల నోటి నుంచే నేర్చుకున్నారు, 1931లో దానికి మాన్యువల్ అచ్చయింది. నోటికి ఎలా వస్తే అలా ముద్దగా వినాలి, ముద్దగానే పలకాలి, వ్యాకరణం తర్వాత. ఇంకోటి, మీ లెక్క అవుట్ ఆఫ్ దగ్గర తప్పుతుంది. "వెంట్ ఆఫ్ (of) ది రూమ్" అని ఎవరూ అనరు కదా, మరి ఆ ఆఫ్ సొంతంగా ఏం పని చేస్తున్నట్టు? "హి కేమ్ అప్ టు మి" అన్నప్పుడు ఎక్కడుంది ఎత్తు? దగ్గరికొచ్చాడు అంతే. అలాంటివి ఒకే మాటగా నేర్పక తప్పదు.

బరంపురం లైబ్రరీ మూల:
ఇద్దరి మాటల్లోనూ సగం ఉంది అనిపిస్తోంది. అసలు అప్, డౌన్, అవుట్ లని యాడ్వర్బ్ పార్టికల్స్, అంటే క్రియకి తోడొచ్చే చిన్న ముక్కలు, అనడమే పాత పద్ధతి. హడిల్‌స్టన్, పుల్లమ్ 2002లో తెచ్చిన కేంబ్రిడ్జ్ గ్రామర్ వీటిని వెనక నామవాచకం లేని ప్రిపోజిషన్లుగానే లెక్కేస్తుంది. అంటే డౌన్ తలకాయ, టు ది రివర్ దానికి తగిలించిన తోక. పరీక్ష కావాలంటే ముందు రైట్ (నేరుగా అనే అర్థంలో) పెట్టి చూడండి, ప్రిపోజిషన్ల ముందు అది ఇమిడిపోతుంది. "హి వెంట్ రైట్ డౌన్ టు ది రివర్" బాగుంది కదా. మొత్తాన్ని ముందుకి లాగినా "డౌన్ టు ది రివర్ హి వెంట్" అని కలిసే వస్తాయి, కాబట్టి పూర్తిగా వేరు కాదు. అలాగని అతుక్కుపోయిన జంట కూడా కాదు. అతుక్కుపోయింది చూడాలంటే పుట్ అప్ విత్ చూడండి, భరించడం అని అర్థం, దాని మధ్యలో రైట్ దూర్చలేం, అందులో కదలికా లేదు. బట్టీ పట్టించాల్సింది అలాంటివాటినే, కదలిక చెప్పేవాటిని కాదు. ఇక అవుట్ ఆఫ్ సంగతి. అమెరికావాళ్ళు "లుక్డ్ అవుట్ ది విండో" అని ఆఫ్ లేకుండానే అనేస్తారు, అంటే బయటికి అనే బరువంతా అవుట్ మీదే ఉన్నట్టు కదా?

కొరాపుట్ ఘాట్ రోడ్డు:
నా డౌటు వేరే. ఎటు అన్నది ఎవరు డిసైడ్ చేస్తారు? మాది కొండల మీద ఊరు, మా పక్కనున్న జైపూర్ (రాజస్థాన్‌ది కాదు) కి ఘాట్ దిగాలి కాబట్టి "డ్రైవ్ డౌన్ టు జైపూర్" అంటే ఎవరికీ పేచీ లేదు. మరి భువనేశ్వర్? మ్యాపులో చూస్తే మాకు ఉత్తరాన పైన ఉంటుంది, నిజంగా వెళ్తే పల్లానికి దిగుతాం. అప్ టు అనాలా డౌన్ టు అనాలా? ఒకాయన మార్కులు కట్ చేస్తాడు, ఇంకొకాయన వేస్తాడు.

పర్లాకిమిడి ట్యూషన్:
రెండూ రైటే బాబూ, దీనికి మార్కులు కట్ చేయడం అన్యాయం. అప్, డౌన్ లకి ఎత్తు ఒక్కటే కొలత కాదు. మ్యాపులో ఉత్తరం అయితే అప్, దక్షిణం అయితే డౌన్ అంటారు, బ్రిటన్ లో అయితే లండన్ ఏ దిక్కున ఉన్నా అప్ టు లండన్ అనే అలవాటు పాతది, అక్కడి రైళ్ళకీ లండన్ వైపుది అప్ లైను. పక్క వీధి షాపుకి కూడా "డౌన్ టు ది షాప్" అంటారు, అక్కడ వాలే ఉండదు. మాట్లాడేవాడి మనసులో మ్యాపు ఉందా కొండ ఉందా అన్నదాన్ని బట్టి ముందు ముక్క మారుతుంది, టు మాత్రం మారదు, భువనేశ్వర్ గమ్యం అంతే. నేను విడదీయమనేది ఇందుకే.

మేడమ్ గారూ, నోటి నుంచి నేర్పాలన్న మాట ఒప్పుకుంటా. కానీ మన పిల్లలకి ఎక్కడ తడబాటు వస్తుందో చూడండి. మనకి దిశ క్రియలోనే ఉంటుంది, ఎక్కాడు, దిగాడు, దాటాడు. ఎలా కదిలాడో పక్కన చేరుస్తాం, గుహలోంచి పాకుతూ బయటికొచ్చాడు అని. ఇంగ్లీషువాడు పాకడాన్ని క్రియలో పెట్టి దిశని చిన్న ముక్కకి అప్పగిస్తాడు, "హి క్రాల్డ్ అవుట్ ఆఫ్ ది కేవ్". లెనార్డ్ టాల్మీ అనే భాషాశాస్త్రవేత్త భాషల్ని ఈ తేడా పట్టుకునే రెండు రకాలు చేశాడు. పడవ కొట్టుకుపోతూ అవతలి ఒడ్డుకి చేరింది అన్నదాన్ని "ది బోట్ డ్రిఫ్టెడ్ అక్రాస్ టు ది అదర్ బ్యాంక్" అని రాయాలంటే అక్రాస్ కి ఒక పని, టు కి ఒక పని ఉందని తెలియాలి, లిస్టులో అక్రాస్ టు లేకపోతే పిల్లాడు అక్కడే ఆగిపోతాడు.

రాయగడ కాంపిటీటివ్:
సార్ థియరీ ఓకే, ఎగ్జామ్ లో మాకు వచ్చేది తప్పు దిద్దండి అనే ప్రశ్న. "హి వెంట్ బ్యాక్ టు హోమ్", "కమ్ డౌన్ టు హియర్" ఇలాంటివి ఎందుకు తప్పో ఒక్క ముక్కలో చెప్పండి.

బరంపురం లైబ్రరీ మూల:
హోమ్, హియర్, దేర్, అప్‌స్టెయిర్స్ వీటిలో కి, కు అప్పటికే ఉన్నట్టు లెక్క, ఇక టు ఎందుకు. మనం ఇంటికి అంటాం కదా, ఆ కి ని చూసి టు పెట్టేస్తున్నారు. బ్యాక్ హోమ్, డౌన్ హియర్ చాలు. మై హౌస్ అంటే మాత్రం టు కావాలి. వరస కూడా గుర్తుపెట్టుకోండి, బ్యాక్ ముందు, అప్ డౌన్ తర్వాత, నామవాచకాన్ని పట్టుకునే ముక్క చివర. "బ్యాక్ డౌన్ టు ది విలేజ్" రైటు, "డౌన్ బ్యాక్ టు ది విలేజ్" చెవికి ఎక్కదు.

గుణుపూర్ టీచరమ్మ:
సరే, అక్రాస్ టు మాట బాగుంది, ఆ వాక్యం మా పిల్లల చేత ముందు పలికిస్తా, తర్వాత విడదీస్తా. అవుట్ ఆఫ్ మాత్రం నేను విడదీయను, ఆ ఆఫ్ కి సొంతంగా పని ఉందని ఇప్పటికీ ఎవరూ చూపించలేదు.

పర్లాకిమిడి ట్యూషన్:
అవుట్ ఆఫ్ మీకే వదిలేస్తున్నా మేడమ్. అవే ఫ్రమ్ (away from) దగ్గర మళ్ళీ మాట్లాడదాం, అందులో ఫ్రమ్ కి పని స్పష్టంగా ఉంది.