పాలరాతి అలంకార కలశం: దీనిని చెక్కిన పనిశాలను గుర్తించడం ఎలా?

తోటపాలెం వాసి, విజయనగరం

అందరికీ నమస్కారం. జమీందారీలు రద్దయిన తర్వాత మా ప్రాంతంలోని ఒక బంగ్లా సామాను అమ్మకానికి వచ్చినప్పుడు మా తాతగారు కొన్న తెల్లని రాతి కలశం ఒకటి మా ఇంట్లో ఉన్నది. సుమారు మూరెడు ఎత్తున్న ఈ పాత్రకు రెండు వైపులా పొట్టేలు తలల పిడులు, నడుము చుట్టూ ద్రాక్షతీగ, అడుగున విడిగా అమర్చిన చదరపు పీఠం ఉన్నాయి. పేరు గాని, ముద్ర గాని ఎక్కడా లేవు. ఇటలీ పని అని కొందరు, ఆగ్రా పని అని కొందరు చెబుతున్నారు. పీఠం అతుకు దగ్గర తుప్పు రంగు మరక ఒకటి ఏటేటా పైకి పాకుతున్నది. ఇది నిజంగా పాలరాయేనా? ఏ పనిశాలలో తయారై ఉండవచ్చు? మరక తీయించి మెరుగు పెట్టించవచ్చా? విదేశంలో ఉన్న మా అన్నయ్య తనకు పంపమని అడుగుతున్నారు, అది కుదురుతుందా?

రాతిపని, టెక్కలి

ముందు రాయి సంగతి తేల్చుకోండి. పీఠం అడుగున, ఎవరికీ కనబడని చోట, గోటితో గట్టిగా గీయండి. గీత పడితే అది పాలరాయి కాదు, జిప్సం జాతికి చెందిన అలబాస్టర్. ఇటలీలోని వొల్తెర్రా పట్టణం ఆ రాతి పాత్రలకు ప్రసిద్ధి. పాలరాయి గోటికి లొంగదు గాని ఇనుప మొనకు లొంగుతుంది. దీపం పెట్టి వెలుగు పారుతున్నదా అని చూడమని కొందరు చెబుతారు. పలచని పాలరాతిలో నుంచి కూడా వెలుగు వస్తుంది కాబట్టి ఆ ఒక్క పరీక్షను నమ్మవద్దు. అచ్చు అతుకు గీత, సన్నని గాలి బుడగలు కనబడితే అది రాతిపొడిని రెజిన్ అనే జిగురుతో కలిపి అచ్చులో పోసిన వస్తువు. నిమ్మరసం చుక్క మాత్రం వేయకండి. పాలరాయి కాల్షియం కార్బొనేట్ కనుక, పులుపు తగిలిన చోట మెరుపు శాశ్వతంగా పోతుంది.

శిల్పకళా విద్యార్థిని, శ్రీకాకుళం

పొట్టేలు తలలు, ద్రాక్షతీగ ప్రాచీన రోమన్ పాత్రల అలంకారాలు. ఆగ్రా పని అయితే సాధారణంగా రాజస్థాన్‌లోని మక్రానా పాలరాతిలో రంగురాళ్లు పొదిగిన పువ్వులు కనిపించేవి. అయితే అలంకారాన్ని బట్టి పనిశాలను నిర్ణయించలేము. 1771లో రోమ్ దగ్గర హాడ్రియన్ చక్రవర్తి విహార భవనపు శిథిలాలలో దొరికిన ముక్కలను అతికి, లోపించినవి కొత్తగా చెక్కి, వార్విక్ కలశంగా నిలబెట్టారు. అది ఇప్పుడు గ్లాస్గోలో ఉన్నది. అటువంటి పాత్రల చిత్రాలను ఇటలీ చిత్రకారుడు పిరనేసి రాగిరేకులపై చెక్కి అచ్చువేసి వ్యాపింపజేసిన తర్వాత, ఆ నమూనాలు ఎన్నో దేశాల పనివారికి అందాయి.

ఇక పనిశాల గురించి. అక్కడ ఒకే శిల్పి మొదటి నుంచి చివరి దాకా చెక్కేవాడని అనుకోకూడదు. ఒకరు మట్టితోనో ప్లాస్టర్‌తోనో నమూనా చేస్తే, మరొకరు దాని కొలతలను రాతి మీదికి ఎక్కించి మొన ఉలితో మొరటుగా తొలిచేవారు. గుండ్రని పాత్రను లేత్ (తిప్పుడు యంత్రం) మీద తిప్పి రూపు తీయడమూ ఉండేది. తర్వాత పళ్ల ఉలి, ఆకుల మధ్య లోతులకు రంధ్రాలు తొలిచే బర్మా, ఆపైన ఆకురాళ్లు, చివరకు ప్యూమిస్ అనే అగ్నిపర్వతపు నురుగురాతితో నునుపు. పిడులను తరచు వేరే రాతిలో చెక్కి లోహపు చీలలతో బిగించేవారు. మన బుడితి ఇత్తడి బిందె మీద కంచరి పేరు వెతకనట్టే ఇక్కడా పేరు లేకపోవడం లోపం కాదు. యాత్రికులకు అమ్మడానికి చేసిన పాత్రలు చాలా వరకు పేరు లేకుండానే వెలువడ్డాయి. మీరు చూడవలసినది పాత్ర లోపలి భాగాన్ని, పిడుల వెనుక భాగాన్ని. కంటికి ఆనని చోట్ల పనివారు నునుపు పెట్టే శ్రమ తీసుకోరు గనుక ఉలి జాడలు అక్కడే మిగిలి ఉంటాయి. మెరుగు పెట్టిస్తే ఆ జాడలన్నీ అరిగిపోతాయి. దయచేసి పెట్టించవద్దు.

పాత వస్తువుల సంరక్షకుడు, విజయనగరం

మరక లోపలి ఇనుప చీల తుప్పుది అయి ఉంటుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి రాతిని లోపలి నుంచి పగలగొడుతుంది. తీరప్రాంతపు తేమలో అది ఆగదు. అందువల్ల పై మరక కంటే చీల ముఖ్యం. సంరక్షణ నిపుణులు పీఠాన్ని విడదీసి ఆ ఇనుప చీల స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలు చీల వేయగలరు. అంతవరకు పిడులు పట్టుకొని ఎత్తకండి, పొడి మెత్తని కుంచెతో దుమ్ము దులపడంతో సరిపెట్టండి.

1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఇటువంటి వస్తువును ప్రైవేటు వ్యక్తులు విదేశానికి పంపకూడదు. నూరేళ్లు నిండలేదని భావిస్తే, పురావస్తు సర్వేక్షణ సంస్థ నిపుణులకు చూపించి ధ్రువపత్రం పొందిన తర్వాతే మీ అన్నయ్యగారికి మాట ఇవ్వండి.

తోటపాలెం వాసి, విజయనగరం

అందరికీ కృతజ్ఞతలు. గోటితో గీస్తే గీత పడలేదు. టార్చి వేసి చూస్తే పాత్ర లోపల ఒకదాని కింద ఒకటిగా సన్నని వలయాలు, ఎడమ పిడి వెనుక అడ్డదిడ్డమైన గీతలు కనిపించాయి.

శిల్పకళా విద్యార్థిని, శ్రీకాకుళం

ఆ వలయాలు లేత్ మీద తిప్పిన గుర్తులు కావచ్చు. గీతలు సమాంతరంగా గుంపులుగా ఉంటే పళ్ల ఉలివి. ఇవి పని జరిగిన తీరును చెబుతాయే గాని, ఊరిని చెప్పవు. పక్క నుంచి వెలుగు పడేలా ఫొటోలు తీసి, పీఠం విప్పిన రోజున అతుకు లోపలి భాగాన్ని కూడా ఫొటో తీయించి ఇక్కడ పెట్టండి.