ఏఐ చట్టం విడి సబ్జెక్టుగా ఉండాలా, పాత సబ్జెక్టుల్లోనే చెబితే సరిపోదా?

నల్లకోటు:
లా కోర్సుల్లో ఇప్పుడు ఎక్కడ చూసినా ఏఐ చట్టం, డిజిటల్ ఎకానమీ అంటూ కొత్త పేపర్లు. నాకైతే ఇదంతా ఫ్యాషన్ లాగే కనిపిస్తోంది. సైబర్ చట్టం గురించి అమెరికా జడ్జి ఫ్రాంక్ ఈస్టర్‌బ్రుక్ 1996లోనే అన్నాడు: గుర్రాల అమ్మకం కేసులు, గుర్రం తన్నిన కేసులు, పందేల లైసెన్సుల కేసులు అన్నీ పోగేసి 'గుర్రాల చట్టం' అని పాఠం చెబితే అసలు సూత్రాలు తలకెక్కవని. 2024 ఫిబ్రవరి నాటి ఎయిర్ కెనడా కేసే తీసుకోండి. టికెట్ తగ్గింపును ప్రయాణం అయ్యాక కూడా అడగొచ్చని వాళ్ల చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి తప్పు చెప్పింది. చాట్‌బాట్ మాటలకు మాది బాధ్యత కాదని కంపెనీ వాదన (నవ్వకండి, నిజంగానే వాదించారు). అది మీ వెబ్‌సైట్‌లో భాగమే కదా అని ట్రైబ్యునల్ డబ్బు కట్టించింది. నిర్లక్ష్యంగా తప్పుడు సమాచారం ఇవ్వడం అనే పాత టార్ట్ (ఒకరి తప్పు వల్ల ఇంకొకరికి నష్టం జరిగితే పరిహారం ఇప్పించే చట్టం) సూత్రమే చాలింది.

రెండోమాట:
ఈస్టర్‌బ్రుక్‌ని చెప్పి 1999లో అమెరికా లా ప్రొఫెసర్ లారెన్స్ లెస్సిగ్ ఇచ్చిన జవాబును వదిలేస్తే ఎలాగండీ? నెట్‌లో మనిషి ఏం చేయగలడో ఏం చేయలేడో సాఫ్ట్‌వేర్ కోడే నిర్ణయిస్తుంది, కాబట్టి ఇక్కడ నేర్చుకోవాల్సింది వేరే ఉంది అన్నాడాయన. మీ కేసులో ప్రయాణికుడికి తనకు నష్టం జరిగిందని తెలుసు, ఎవరి మీద కేసు వేయాలో కూడా తెలుసు. కంప్యూటర్ వేసిన స్కోరు వల్ల లోన్ రానివాడికి అదే తెలియదు. జర్మనీలో షూఫా అనే క్రెడిట్ స్కోర్ సంస్థ, మేం అంకె మాత్రమే ఇస్తాం, నిర్ణయం బ్యాంకుది అంది. బ్యాంకు ప్రధానంగా ఆ అంకె మీదే ఆధారపడితే స్కోరు వేయడమే మనిషి లేకుండా యంత్రం తీసుకున్న నిర్ణయం అవుతుందని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2023 డిసెంబరులో తేల్చింది. దీన్ని ఏ పేపర్లో చెబుతారు, కాంట్రాక్ట్‌లోనా టార్ట్‌లోనా?

మూడో ఏడు:
నేను ఈ సబ్జెక్టు చదివాను కాబట్టి చెప్తున్నా. సెమిస్టరంతా యూరప్ ఏఐ చట్టంలోని రిస్క్ వర్గాలు బట్టీ పట్టడమే. ఆ చట్టం మొదటి ముసాయిదా 2021 ఏప్రిల్‌లో వచ్చింది, 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక జనరల్ పర్పస్ మోడళ్లకు (ఒకే పనికి కాకుండా రకరకాల పనులకు వాడే ఏఐ) ప్రత్యేకంగా రూల్స్ కలపాల్సి వచ్చింది, 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. ఇంకోటి, 2022లో ప్రతిపాదించిన ఏఐ నష్టపరిహార డైరెక్టివ్‌ను (సభ్యదేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవాల్సిన యూరోపియన్ యూనియన్ చట్టం) వెనక్కి తీసుకుంటామని 2025లో యూరోపియన్ కమిషనే ప్రకటించింది. దాని మీద థీసిస్ మొదలుపెట్టిన వాళ్ల టెన్షన్ ఊహించుకోండి.

నల్లకోటు:
నేననేదీ అదే!

రెండోమాట:
కాదు సార్, అది సెక్షన్లు బట్టీ పట్టించిన మాస్టారి తప్పు. మోడల్ లోపల ఏం జరిగిందో బయటికి కనిపించనప్పుడు, దాని వల్లే తనకు నష్టం జరిగిందని బాధితుడు ఎలా రుజువు చేయాలి అన్నదే ఆ డైరెక్టివ్ ఎత్తుకున్న ప్రశ్న. ముసాయిదా పోయినా ప్రశ్న పోలేదు. క్లాసులో చెప్పాల్సింది దాన్నే. మొదటి ఏడాది వద్దు, టార్ట్, కాంట్రాక్ట్, కాంపిటీషన్ చట్టం చదివాకే పెట్టండి.

కోడ్‌కాపు:
నేను లా మనిషిని కాదు, మోడళ్లు తయారుచేసే పనిలో ఉన్నా. యూరప్ డిజిటల్ సర్వీసెస్ చట్టం 40వ ఆర్టికల్ కింద, అర్హత ఉన్న పరిశోధకులు పెద్ద ప్లాట్‌ఫారాల డేటా అడగొచ్చు. అడిగి తెచ్చుకున్నాక ఆ డేటాను చదివేదెవరు? లా ఫ్యాకల్టీలో అది చేతనైనవాళ్లు లేకపోతే తీర్పుల మీద వ్యాఖ్యానాలు తప్ప పరిశోధన అంటూ ఏమీ రాదు. విడి సబ్జెక్టా కాదా అన్న గొడవ కంటే, ఒక మోడల్ టెక్నికల్ డాక్యుమెంట్ చేతికిచ్చి ఇందులో ఏం దాచారో చెప్పమని పరీక్ష పెట్టండి, చాలు.

నల్లకోటు:
ఆ పరీక్ష బాగుంది, చివరి ఏడాదిలో అయితే నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ పేపర్లు దిద్దేదెవరు? ఒకే క్లాసుకు ఒక లా మాస్టారు, ఒక ఇంజనీరు, ఇద్దరికీ జీతం ఇచ్చే కాలేజీ ఉంటే చెప్పండి, నా వాదన వెనక్కి తీసుకుంటా.