‘ది బ్రిగ్’ సినిమా చూశాను: లివింగ్ థియేటర్ అంటే నాటకాలవాళ్లా, సినిమావాళ్లా?

చివరి వరుస:
నిన్న రాత్రి జోనాస్ మెకాస్ తీసిన ‘ది బ్రిగ్’ చూశాను. గంటా పది నిమిషాల లోపే ఉంటుంది, కానీ అయిపోయేసరికి నా పిడికిళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. మిలటరీ జైలు, ఖైదీలకి పేర్లుండవు, నంబర్లే. నేలమీద తెల్లగీత దాటాలంటే గొంతు చించుకుని పర్మిషన్ అడగాలి, అడిగినా దెబ్బలు తప్పవు. మొదట్లో ఇది నిజం జైలే అనుకున్నాను. తర్వాత చదివితే న్యూయార్క్‌లోని లివింగ్ థియేటర్ వాళ్ల నాటకమని తెలిసింది. షర్లీ క్లార్క్ సినిమా ‘ది కనెక్షన్’ వెనక కూడా వీళ్ల పేరే ఉంది. ఇంతకీ వీళ్ల కథేంటి? సినిమాలు కూడా వాళ్లే తీసుకునేవాళ్లా? థియేటర్ మూతపడ్డాక ఈ సినిమా తీశారట, అదెలా కుదిరింది? నేనూ ఒక చిన్న నాటక బృందంలో ఉన్నాను. మా ప్రదర్శన వీడియో తీస్తే ప్రాణం లేకుండా వచ్చింది, అందుకే ఇంత ఆత్రంగా అడుగుతున్నా.

తెరవెనక:
వాళ్లు నాటకాలవాళ్లేనండి. జూలియన్ బెక్, జూడిత్ మలీనా అనే దంపతులు 1947లో మొదలుపెట్టారు. చేతిలో థియేటర్ లేదు, అందుకని 1951లో సొంత ఇంటి హాల్లోనే నాటకాలు వేశారు. ఆ తర్వాత దొరికిన ఒక థియేటర్‌ని ఫైర్ డిపార్ట్‌మెంట్ మూయించింది, ఇంకో చోటుని బిల్డింగుల శాఖ మూయించింది. చివరికి 1959లో 14వ వీధిలో 162 సీట్ల హాలు ఒకటి సమకూర్చుకున్నారు. అదే ఏడాది అక్కడ జాక్ గెల్బర్ రాసిన ‘ది కనెక్షన్’ వేశారు. హెరాయిన్ తెచ్చేవాడి కోసం ఎదురుచూస్తున్న కొంతమంది, మధ్యలో నిజం జాజ్ వాద్యకారులు వేదిక మీదే వాయిస్తుంటారు. ఇంటర్వెల్‌లో ఆ పాత్రధారులే వచ్చి ప్రేక్షకుల దగ్గర డబ్బులు అడిగేవాళ్లు. 700కి పైగా ప్రదర్శనలు జరిగాయి. నాటకంలో ఒక నిర్మాత, ఒక రచయిత ఉంటారు, వీళ్లందర్నీ తీసుకొచ్చింది మేమే అంటారు. షర్లీ క్లార్క్ 1961లో సినిమా తీసినప్పుడు వాళ్ల స్థానంలో డాక్యుమెంటరీ తీసేవాడిని పెట్టింది, నాకు అది చాలా తెలివైన మార్పు అనిపిస్తుంది. అంటే ఆమె నాటకాన్ని దూరంగా నిలబడి రికార్డు చేయలేదు, కెమెరానే ఒక పాత్ర చేసేసింది. న్యూయార్క్ రాష్ట్ర సెన్సారు ఒక బూతుమాట సాకుగా ఆ సినిమాని ఆపితే, కోర్టుకి వెళ్లి 1962లో గెలిచారు.
సినిమా బృందం అని మీరు వెతుకుతున్నది బహుశా ఫిల్మ్ మేకర్స్ కోఆపరేటివ్. 1962లో మెకాస్, క్లార్క్ ఇంకొంతమందితో కలిసి పెట్టారు. సభ్యుడు ఏ సినిమా తెచ్చినా, బాగుందా లేదా అని ఎంచకుండా పంపిణీకి తీసుకునేవాళ్లు. రెండూ వేరు వేరు గుంపులు, కానీ ఒకే ఊరు, ఒకే కాలం, ఒకరి పని ఒకరికి బాగా తెలుసు.

రీలు పెట్టె:
‘బ్రిగ్’ సంగతి నేను చెప్తాను, నాకు ప్రాణమైన సినిమా అది. రాసిన కెన్నెత్ బ్రౌన్ స్వయంగా అమెరికన్ మెరీన్ సైనికుడు, జపాన్‌లో ఫుజి దగ్గరి క్యాంపు జైల్లో శిక్ష అనుభవించి వచ్చాడు. 1963లో మలీనా దర్శకత్వం, బెక్ సెట్టు. వేదికకీ ప్రేక్షకులకీ మధ్య ముళ్లతీగ. ఆ అక్టోబరులో పన్నుల శాఖ వచ్చింది. సుమారు 28 వేల డాలర్ల బకాయి అని హాలుకి తాళాలు వేసింది. అయినా ఇంకోసారి ఆడారు, ప్రేక్షకులు కిటికీల్లోంచి ఎక్కి లోపలికొచ్చి చూశారు. దాని ఫలితంగా కేసు, తర్వాత బెక్‌కీ మలీనాకీ జైలు.
మెకాస్ మూతపడే ముందు ఈ నాటకం చూశాడు. ఇది నిజం జైలైతే న్యూస్ రీల్ తీసేవాడు ఎలా తీస్తాడో అలా తీయాలని ఆయనకి తట్టింది. తాళాలు పడ్డాక నటులు, కెమెరాలు అందరూ బొగ్గు దింపే దారిలోంచి దొంగచాటుగా లోపలికి దిగారు. ధ్వని కూడా ఫిల్ము మీదే రికార్డయ్యే 16 ఎంఎం కెమెరాలు మూడు. ఒక్కో రీలు 10 నిమిషాలు. రీలు అయిపోగానే నాటకం ఆపి, ఇంకో కెమెరా తీసుకుని, కొన్ని క్షణాలు వెనక్కెళ్లి మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. ఆయన వేదిక మీదకే ఎక్కి ఖైదీల మధ్య తిరిగాడు. తర్వాత ఏం జరుగుతుందో కంఠస్థం చేసుకుని రాలేదు, అందుకే కెమెరా అక్కడక్కడ ఆలస్యంగా తిరుగుతుంది, దెబ్బ పడ్డాక చూస్తుంది. ఆ ఆలస్యమే మిమ్మల్ని నిజం జైలనుకునేలా చేసింది. 1964లో వెనిస్ ఉత్సవంలో డాక్యుమెంటరీల విభాగంలో పెద్ద బహుమతి వచ్చింది, నాటకానికి!

చివరి వరుస:
చాలా థాంక్స్ అండీ. అంటే మేము కెమెరాని చివరి వరుసలో స్టాండు మీద పెట్టి వదిలేయడమే మా తప్పన్నమాట. మరి హాలు పోయాక గ్రూపు ఏమైంది?

ముళ్లతీగ:
పై ఇద్దరి మాటా నిజమేగానీ, ఈ రెండు సినిమాలతోనే వాళ్లని కొలిస్తే నాకు బాధేస్తుంది. హాలు పోయాకే అసలు లివింగ్ థియేటర్ మొదలైంది. 1964 నుంచి యూరప్‌లో ఊరూరా తిరిగారు, పిల్లాపాపలతో కలిసి ఒక్క కుటుంబంలా బతికారు, నాటకాలు అందరూ కలిసి అల్లుకునేవాళ్లు. 1968లో ఫ్రాన్స్‌లోని అవిన్యోన్ నాటకోత్సవంలో ‘పారడైజ్ నౌ’ వేశారు. నటులు ప్రేక్షకుల మధ్యకి వెళ్లి, పాస్‌పోర్టు లేకుండా ప్రయాణించే హక్కు నాకు లేదు, యుద్ధాలు ఎలా ఆపాలో నాకు తెలియదు అని మామూలుగా మొదలుపెట్టి కేకలదాకా వెళ్లేవాళ్లు. ఆఖర్న అందరూ కలిసి వీధిలోకి నడవాలి. ఊరి పెద్దలు అది మార్చి వేరే నాటకం ఆడమంటే, ఉత్సవాన్నే వదిలేసి వెళ్లిపోయారు. దీన్నీ కొందరు చిత్రీకరించారు, కానీ పక్క సీటువాడు లేచి ఆ నటుల్లాగే బట్టలు విప్పాలా వద్దా అని తేల్చుకుంటున్నప్పుడు మీ గుండె ఎలా కొట్టుకుంటుందో ఏ కెమెరా తీయగలదు? ‘బ్రిగ్’లో ముళ్లతీగ ఉంది కాబట్టి కెమెరాకి పని దొరికింది, ఇక్కడ ఆ తీగే లేదు. 1971లో బ్రెజిల్‌లో వాళ్లని అరెస్టు చేసి దేశం నుంచి పంపేశారు. బెక్ 1985లో పోయాడు. మలీనా ఆపలేదు, 2007లో న్యూయార్క్‌లో మళ్లీ ఒక హాలు తెరిచి, 80 ఏళ్ల వయసులో, మొదట ‘బ్రిగ్’నే వేసింది.
మీ నాటకంలో ప్రేక్షకుల పాత్ర ఎంత? వీడియో సంగతి దాన్నిబట్టి చెప్పొచ్చు.

చివరి వరుస:
మాది ఒకే గదిలో జరిగే కథ, ప్రేక్షకులతో మాట్లాడటం ఉండదు. ఆదివారం హాలు ఖాళీగా ఉంటుంది, ఆ రోజు ఎవర్నీ పిలవకుండా మళ్లీ ఆడతాం. స్క్రిప్టు చదవని స్నేహితుడొకడున్నాడు, వాడి చేతికే కెమెరా ఇచ్చి వేదిక ఎక్కిస్తాను. ఎలా వచ్చిందో ఇక్కడే చెప్తాను.