గోదారి గట్టున టేకు డెక్: పీయూ పెచ్చులూడిపోయింది, ఇప్పుడేం పూయాలి?

గట్టు_మీద_ఇల్లు

అందరికీ నమస్కారం. మా నాన్నగారి ఇల్లు వశిష్ఠ పాయ గట్టు మీద, దిండికి దగ్గర్లో. పాత మండువా ఇల్లు విప్పినప్పుడు వచ్చిన టేకు దూలాలు ఎవరికో అమ్మేయడానికి మనసొప్పక పలకలుగా కోయించి, రెండేళ్ల కిందట నది వైపు 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పున డెక్ వేయించాం. కింద సిమెంటు స్తంభాలు, వాటి మీద అడ్డ దూలాలు, పైన పలకలు. నాన్నగారు రోజూ సాయంత్రం అక్కడే కుర్చీ వేసుకుంటారు. ఆ దూలాల కింద పుట్టి పెరిగిన మనిషి, ఇప్పుడు వాటి మీద కాళ్లు పెట్టుకు కూర్చుంటున్నానని అంటూంటారు.

సమస్య ఏంటంటే, రంగుల షాపులో అడిగితే మంచి గ్లాసీ పీయూ (పాలీయూరిథేన్ వార్నిష్) కొట్టించండి, అద్దంలా ఉంటుంది అన్నారు, మూడు కోటింగులు వేయించాం, నిజంగానే అద్దంలా వచ్చింది. మొదటి వానాకాలం దాటేసరికి స్క్రూల చుట్టూ తెల్లటి మచ్చలు లేచాయి. ఇప్పుడైతే గోరుతో లేపితే అరచేయంత పొర ఊడొస్తోంది, పొర కింద చెక్క నల్లగా, తడిగా ఉంది. వాన పడ్డప్పుడు మిగిలిన చోట్ల ఒకటే జారుడు, మొన్న నాన్నగారు కాలు జారి మోకాలు కొట్టుకున్నారు, అప్పటి నుంచి నాకు ఇదే టెన్షన్. దీన్ని గీకి మళ్లీ పీయూనే వేయాలా, ఆయిల్ ఏదైనా పూయాలా, లేక ఇంకేదైనా ఉందా? మా ఊళ్లో ఒకాయన వాడేసిన ఇంజన్ ఆయిల్ పూసేయండి, చెద రాదు అంటున్నాడు. వేసవిలో పోటు నీళ్లెక్కి ఇక్కడ నీరు ఉప్పబడుతుంది, అది కూడా లెక్కలోకి తీసుకుని చెప్పండి.

టేకు_పలక

అన్నా, నేను రాజమండ్రిలో ఇరవై ఏళ్లుగా వడ్రంగం పనిలో ఉన్నాను. మళ్లీ పీయూ మాత్రం వేయకండి. ఆ డబ్బాలో సరుకు మంచిదే అయి ఉండొచ్చు, కానీ అది వేసిన చోటు తప్పు. తలుపుకో, లోపలి మంచానికో పీయూ బాగుంటుంది. ఆకాశం కింద పడుకోబెట్టిన పలక సంగతి వేరు. తడిస్తే చెక్క ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. పైనున్న గట్టి పొర దాంతో పాటు సాగలేక ముందు స్క్రూ దగ్గర, పలక కొసల దగ్గర వెంట్రుకంత పగులు ఇస్తుంది. ఆ పగుల్లోంచి నీళ్లు లోపలికి దిగుతాయి గానీ తిరిగి బయటికి పోవు, ఎందుకంటే పైన మూత వేసినట్టు పొర ఉంది కదా. మీరు గోరుతో లేపి చూసిన నల్లటి తడి అదే. దీనికి తోడు ఎండ. పొర పారదర్శకంగా ఉంటే దాన్ని దాటుకుని చెక్క దాకా వెళ్లి, నారని పట్టి ఉంచే బంకని తినేస్తుంది, అప్పుడు పొర పట్టుకోవడానికి కింద ఏమీ మిగలదు.

మీకు కావలసింది చెక్కలోకి ఇంకే ఆయిల్, అది కూడా రంగు కలిసినది. డెక్ ఆయిల్ అని అడిగితే ఇస్తారు, టేకు రంగుదో గోధుమ రంగుదో తీసుకోండి. ఎండని ఆపేది ఆ రంగు పొడే, రంగు లేని ఆయిల్ పూస్తే కొన్ని నెలల్లో బూడిద రంగుకి తిరుగుతుంది. ఆయిల్ పెచ్చులూడదు, వెలిసిపోతుంది అంతే. వెలిసినప్పుడు కడిగి, ఆరబెట్టి, మళ్లీ ఒక చేయి పూసుకోవడమే, గీకే పని ఉండదు. మీ చోట ఏడాదికి ఒకసారి, ఎండ బాగా తగిలే పడమటి వైపైతే రెండుసార్లు పూయాల్సి రావచ్చు.

ఇంకో మాట, పలకలు పాత ఇంటి టేకు అన్నారు కాబట్టి ఎక్కువ భాగం చేవే (మాను నడిమి గట్టి చెక్క) ఉంటుంది. టేకు చేవకి ఏమీ పూయకపోయినా అంత తొందరగా పుచ్చదు, రంగు మాత్రం బూడిదగా మారుతుంది. పుచ్చేది అంచుల్లో తెల్లగా ఉండే చెక్క. అలాంటి పలకలుంటే తీసేసి మార్చుకోండి, ఏ ఆయిల్ పూసినా వాటిని కాపాడలేం. అవునూ, స్క్రూలు ఏవి వాడారు? చెక్క నల్లబడిందంటే నాకు వాటి మీదే అనుమానం.

గట్టు_మీద_ఇల్లు

మామూలు ఇనప స్క్రూలేనండి, పైన పసుపు పూత ఉన్నవి. చాలా వాటికి తుప్పు పట్టింది. ప్రతి స్క్రూ చుట్టూ రూపాయి బిళ్లంత నల్ల మచ్చ ఉంది.

టేకు_పలక

అదే. టేకులో ఉండే వగరుకి ఇనుము, నీళ్లు తగిలితే సిరాలా నల్లబడుతుంది. అది పుచ్చు కాదు, కంగారు పడకండి. ఆ స్క్రూలన్నీ తీసేసి స్టెయిన్‌లెస్ వేయండి, ఉప్పు నీరు అంటున్నారు కాబట్టి 304 కాకుండా 316 రకం అడగండి, ఖరీదు ఎక్కువే, అయినా అక్కడ తగ్గొద్దు. స్క్రూలు ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి పలకలు పైకి తీసేయండి. నేను మీ చోట ఉంటే ఒక్కో పలకని బల్ల మీద వేసుకుని నాలుగు వైపులా, ముఖ్యంగా కోసిన కొసలకి, ఆయిల్ పట్టిస్తాను. కొసలు స్ట్రాల కట్ట లాంటివి, పైభాగం కంటే ఎన్నో రెట్లు నీళ్లు లాగుతాయి, అందుకే అక్కడ ఇంకడం ఆగేదాకా పూస్తూనే ఉండాలి. అడ్డ దూలాల పైభాగానికి తారు టేపు అంటించి, పలకకీ పలకకీ మధ్య 5 మిల్లీమీటర్ల సందు వదిలి బిగించండి. ఆ సందులో ఆకులు, మట్టి చేరకుండా చూసుకుంటే సగం రోగం అక్కడే పోతుంది.

పాత పీయూ మొత్తం పోవాలి, ఒక్క చోట మిగిలినా ఆయిల్ లోపలికి దిగదు. హీట్ గన్‌తో మెత్తబరిచి గీకి, తర్వాత 60 నంబరు, దాని మీద 80 నంబరు ఎమరీ పట్టండి. ఇంకా నున్నగా చేయాలనిపిస్తుంది, వద్దు. మరీ నున్నగా అయితే ఆయిల్ ఇంకదు, నాన్నగారి కాలికి పట్టూ ఉండదు. నల్ల మచ్చలకి ఆక్సాలిక్ యాసిడ్ నీళ్లలో కలిపి రాస్తే పోతాయి, చేతులకి గ్లవ్స్, కళ్లకి అద్దాలు తప్పనిసరి, తర్వాత మంచినీళ్లతో బాగా కడగాలి.

చెరువు_గట్టు

భీమవరం నుంచి అండి, మాది రొయ్యల చెరువుల పని. చెక్క గురించి నాకు పెద్దగా తెలీదు గానీ ఇంజన్ ఆయిల్ మాట చూసి ఆగలేక రాస్తున్నాను. దయచేసి అది చేయకండి. వాడేసిన ఇంజన్ ఆయిల్లో లోహాల మడ్డి, మాడిన నూనె ఉంటాయి, మొదటి వానకే కొట్టుకొచ్చి నీటి మీద తెట్టు కడుతుంది. మీ నాన్నగారు ఉత్త కాళ్లతో తిరిగే చోట, పిల్లలు వస్తే కూర్చునే చోట అది అసలు ఉండకూడదు.

అలాగే చెద మందు అని అమ్మే చెక్క మందులు కొన్నప్పుడు డబ్బా వెనక చదవండి. సైపర్‌మెత్రిన్, పర్‌మెత్రిన్ లాంటి పేర్లు ఉంటే నీటి పక్కన వాడొద్దు. మనుషులకి చేసే హాని తక్కువ అంటారు, కానీ చేపలకీ, ముఖ్యంగా రొయ్యలకీ చాలా కొద్ది మోతాదు చాలు. రాగి కలిసిన మందులకీ ఇదే మాట. మీ డెక్ కింది నీరు ఎవరి చెరువులోకైనా తోడతారా? పీయూ గీకిన పొట్టు, యాసిడ్ కడిగిన నీళ్లు కూడా గోదాట్లోకి వదలకుండా పలకల్ని ఇంటి ముందుకి తెచ్చి పని చేయించండి, కింద టార్పాలిన్ పరవండి.

గట్టు_మీద_ఇల్లు

పక్కనే మా బాబాయి వాళ్ల చెరువు ఉందండి, పాయలోంచే తోడతారు. మీరు చెప్పకపోతే నాకు తట్టేది కాదు, చాలా థాంక్స్. పలకలు విప్పి పెరట్లోనే చేయిస్తాను. ఇంకో సందేహం, నాన్నగారు జీడి తొక్క నూనె గురించి చెబుతున్నారు. చిన్నప్పుడు నావలకి అది పూసేవారట. డెక్‌కి పనికొస్తుందా?

కోరంగి_వాడు

నాన్నగారు చెప్పింది నిజమే. జీడి తొక్క నూనె పడవలకి పాత కాలం నుంచీ ఉన్న మందు. పలకల మధ్య సందుల్లో దూది కూరి, గుగ్గిలం నూనెలో కాచి పట్టించేవారు, పైన ఈ నూనె. మా తాత పడవ పని చేసినవాడు. నాకు బాగా గుర్తున్నది ఏంటంటే, ఏటా పడవని ఒడ్డుకి లాగి, తిరగేసి, ఎండబెట్టి, నాచు గీకి మళ్లీ పూసేవాడు. ఒకసారి పూస్తే పదేళ్లు ఉంటుందని ఆ రోజుల్లో ఎవరూ అనుకోలేదు, ఏటా చేసే పనుల్లో అదొకటి, ఇంటికి సున్నం వేసినట్టు.

కానీ మీ డెక్ పైన వద్దు. పచ్చి జీడి నూనె చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది, తాత ముంజేతుల మీద ఆ మచ్చలు చివరిదాకా ఉన్నాయి. నల్లగా ఉంటుంది, ఆరడానికి చాలా రోజులు పడుతుంది, ఎండకి జిగురు తేలుతుంది. మనిషి చేయి, కాలు తగిలే చోటుకి కాదు అది.

కరోలినా_తెలుగు

నేను నార్త్ కరోలినాలో ఉంటాను, ఇక్కడ మా ఇంటి వెనకా డెక్ ఉంది, చెక్క మాత్రం మందు పట్టించిన పైన్. ఆయిల్ విషయంలో పైవాళ్లు చెప్పిందే నా అనుభవం. ఒక్క హెచ్చరిక కోసం రాస్తున్నాను. ఆయిల్ పూశాక పావుగంటో ఇరవై నిమిషాలో ఆగి, ఇంకనిది గుడ్డతో పూర్తిగా తుడిచేయాలి, లేకపోతే జిగటగా మిగిలి దుమ్ము పడుతుంది. ఆ తుడిచిన గుడ్డల్ని మాత్రం ఉండ చుట్టి మూల పడేయకండి. అవిసె నూనె లాంటివి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పగా ఉంటే ఆ వేడి పోయే దారి లేక గుడ్డలు వాటంతటవే అంటుకుంటాయి. నేను గ్యారేజ్‌లో బకెట్లో వేసి వదిలేస్తే రెండు మూడు గంటలకి పొగ వాసన వచ్చింది, చేయి పెడితే మధ్యలో కాలిపోతోంది. అదృష్టం బాగుండి ఇంట్లోనే ఉన్నాను. విడివిడిగా ఆరుబయట పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి మూత ఉన్న రేకు డబ్బాలో పెట్టండి. పనివాళ్లకి కూడా మీరే దగ్గరుండి చెప్పండి.

కడగడానికి ప్రెజర్ వాషర్ వాడకండి, నార లేచిపోతుంది. మెత్తటి బ్రష్, సబ్బు నీళ్లు చాలు.

టేకు_పలక

గుడ్డల సంగతి నేను చెప్పాల్సింది, మర్చిపోయాను, మంచి మాట చెప్పారు. ఎప్పుడు పూయాలన్నది కూడా చూసుకోండి అన్నా. ఇప్పుడు మంచు కాలం, పొద్దున్నే పలకలు తడిసి ఉంటాయి. శివరాత్రి దాటాక, ఎండలు ముదరకముందు చేయండి, అది కూడా నీడలో. చెక్క ఎండిందో లేదో చూడటానికి గీకిన చోట నాలుగు చుక్కలు నీళ్లు వేయండి. చుక్క చుక్కలాగే నిలబడితే పీయూ ఇంకా మిగిలుంది, లేదా చెక్క ఇంకా ఆయిల్ తాగే స్థితిలో లేదు. కొద్ది నిమిషాల్లో ఇంకితే మొదలుపెట్టొచ్చు.

గట్టు_మీద_ఇల్లు

ఈరోజు ఆదివారం కదా, ఆగలేక నది వైపు చివరి మూడు పలకలు విప్పేశాను. స్క్రూలు సగం తలలు విరిగిపోయాయి. పలక తిరగేసి చూస్తే అడుగున పీయూ అసలు వేయలేదు, అక్కడ టేకు ఇప్పటికీ తేనె రంగులో ఉంది, దూలంగా ఉన్నప్పటి పాత మేకు రంధ్రం ఒకటి అలాగే కనిపిస్తోంది. నాన్నగారు దాని మీద వేలు పెట్టి, ఇది వసారా దూలం, దీనికే నీ ఉయ్యాల కట్టింది అన్నారు. మూడింట్లో ఒకదానికి అంచు మెత్తగా ఉంది, అది మార్చేస్తాను. మిగిలిన రెండూ పెరట్లో గీకి, నీళ్ల చుక్కలు వేసి చూశాం. ఒకదాని మీద ఇంకాయి, రెండోదాని మీద ఇంకా అలాగే నిలబడి ఉన్నాయి, అది మళ్లీ గీకాలి. స్క్రూలు 316 రకం కాకినాడలో దొరుకుతాయేమో కనుక్కుంటున్నాను, తెలిసినవాళ్లుంటే చెప్పండి.